పిచ్ కరెక్షన్ ఆపండి, ఇంకోసారి పాడండి

ఇప్పుడు మన ఇళ్ళలో పాట రికార్డు చేయడం చాలా తేలిక. ఒక ల్యాప్‌టాప్, ఒక యూఎస్‌బీ మైకు, ఆడాసిటీ లేదా గ్యారేజ్‌బ్యాండ్ ఉంటే చాలు. ఆదివారం మధ్యాహ్నం కీర్తన పాడి సాయంత్రానికి గుడికి పంపేయవచ్చు. నేను గుడిలో సౌండు పని చూసే వాలంటీరుని. పండగ ముందు ఆ ఫైళ్ళన్నీ నా దగ్గరికి వస్తాయి. రెండు మూడేళ్ళుగా ఒక మార్పు వింటున్నాను. అందరి శ్రుతీ బాగుంది. అందరి గొంతూ ఒకేలా ఉంది. మాట మాత్రం అర్థం కావడం లేదు.

ఇందులో పిల్లల తప్పు లేదు. మనం నేర్పిన పద్ధతే బాగాలేదు. ఎలాగో ఒకలా పాడేసి, "తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేద్దాంలే" అంటున్నాం. ఈ మాట మనం మానేయాలి. గుడికి, తెలుగు బడికి పంపే పాటల్లో పిచ్ కరెక్షన్ అసలు వాడకూడదని నా వాదన. లైను తప్పు పోతే ఆ లైను మళ్ళీ పాడాలి. ఎందుకో చెబుతాను. బదులుగా ఏం చేయాలో కూడా చెబుతాను.

ఆ బటన్‌కి గమకం తెలియదు

ఆటో‌-ట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు వెతికే పనిలో ఉండేవారు. భూమిలోకి పంపిన శబ్ద తరంగాల లెక్కలు చూసేవారు. ఆ లెక్కల తెలివినే గొంతుకు వాడారు. గొప్ప పనే, కాదనను. కానీ ఆ సాధనం, దాని తర్వాత వచ్చిన చాలా సాధనాలు, మామూలుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఈ శబ్దం 12 స్వరస్థానాల్లో దేనికి దగ్గరగా ఉంది?" జవాబు దొరకగానే గొంతును అక్కడికి లాగుతాయి.

మన పాటలో స్వరం ఒక చోట కదలకుండా నిలబడాలని నియమం లేదు. గమకం అంటే స్వరాన్ని కదిలించి పాడడం. తోడి రాగం తీసుకోండి. అందులో గాంధారం కిందికీ పైకీ ఊగుతుంది. ఆ ఊపు లేకపోతే తోడి లేదు. పిచ్ కరెక్షన్ ఆ ఊపును పొరపాటు అనుకుంటుంది. ఉయ్యాలను మెట్లుగా మార్చేస్తుంది. "మాది శంకరాభరణం, అది మేజర్ స్కేలే కదా" అంటారు కొందరు. స్వరస్థానాలు అవే, నిజమే. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే దారి వేరు. సాఫ్ట్‌వేర్ చెరిపేది ఆ దారినే.

మాటను సరిచేసే బటన్ లేదు

ఇది ఇంకా పెద్ద విషయం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు రాదు. "కళ" బదులు "కల" అని పాడితే తెరమీద ఎర్ర గీత పడదు. "నాదు" అంటే నాయొక్క. భక్తి పాటల్లో చాలాసార్లు వస్తుంది. దాన్ని "నాడు" అని పాడితే అర్థం "ఆ రోజు" అయిపోతుంది. శ్రుతి మీటరు మాత్రం పచ్చగానే వెలుగుతుంది. ఇంట్లో అందరూ ఆ పచ్చ లైటు చూసి చప్పట్లు కొడతారు.

ఈ తప్పు ఎక్కడ మొదలవుతుంది? ఎక్కువసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న పాట దగ్గర. మనం మామూలుగా టైపు చేసే ఇంగ్లీషు అక్షరాల్లో ల, ళ ఒకటే. న, ణ ఒకటే. ద, డ ఒకటే. నేనూ ఇంగ్లీషు మీడియంలో చదివాను, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నాను. కష్టం నాకు తెలుసు. అయినా చెబుతున్నాను: మైకు ముందు పెట్టే కాగితం మీద పాట తెలుగు లిపిలో ఉండాలి. మొత్తం చదవడం రాకపోతే, ళ, ణ, ద, డ ఉన్న చోట్ల రంగు పెన్నుతో గుండ్రంగా చుట్టండి. ముందు రాగం లేకుండా మాటలు పైకి చదవండి. తర్వాతే పాడండి.

నాయిస్ రిడక్షన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స, శ, ష గాలి ఒత్తిడితో పుట్టే అక్షరాలు. ఖ, ధ, భ లాంటి ఒత్తు అక్షరాల్లోనూ గాలి ఉంటుంది. ఫ్యాను చప్పుడుకీ ఈ గాలికీ తేడా కంప్యూటర్‌కి సరిగ్గా తెలియదు. ఎక్కువ పెడితే ఫ్యానుతో పాటు అక్షరం కూడా పోతుంది. అసలే "శ", "స" తేడా పలకడానికి మనం కష్టపడుతున్నాం. పలికిన కాస్తా యంత్రానికి ఇచ్చేస్తే ఎలా?

ముందు యంత్రాన్ని అనుమానించండి

నాకు కోపం తెప్పించే విషయం ఇది. చాలాసార్లు పాప శ్రుతి తప్పలేదు. తాళం తప్పలేదు. సెట్టింగు తప్పింది. నింద మాత్రం పాప మీద పడుతుంది. తర్వాత ఆ లేని తప్పును "సరిచేయడానికి" పిచ్ కరెక్షన్ వేస్తారు. కాబట్టి ఎవరినైనా ఏదైనా అనే ముందు ఈ మూడూ చూడండి.

మొదటిది శాంపిల్ రేటు. తంబూరా ఫైలు 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉండి, మీ ఆడియో ఇంటర్‌ఫేస్ 48లో ఉంటే, సాఫ్ట్‌వేర్ చాలాసార్లు తానే మార్చుకుంటుంది. కొన్నిసార్లు మార్చుకోదు. అప్పుడు ఆ ఫైలు దాదాపు 9 శాతం వేగంగా నడుస్తుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్లు పైకి పోతుంది. అంటే 5 శ్రుతి తంబూరా 5½కీ 6కీ మధ్య ఎక్కడో వినిపిస్తుంది. దానితో ఎవరి గొంతు కలుస్తుంది? ప్రాజెక్టు, ఇంటర్‌ఫేస్, తంబూరా ఫైలు, మూడూ ఒకే రేటులో ఉన్నాయో లేదో పాడే ముందే చూసుకోండి.

రెండోది ఆలస్యం. పాడేవాళ్ళకు బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఇవ్వకండి. వాటిలో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక దెబ్బకు 500 మిల్లీసెకన్లు. 200 అంటే దాదాపు సగం దెబ్బ. అంత వెనకబడిన తాళం విని ఎవరు సరిగ్గా పాడగలరు? వైరు ఉన్న హెడ్‌ఫోన్లు వాడండి. బఫర్ సైజు కూడా చూడండి. 48 కిలోహెర్ట్జ్‌లో 1024 శాంపిళ్ళంటే 21 మిల్లీసెకన్లు, అదీ ఒక వైపుకే. 128 పెడితే 3 మిల్లీసెకన్ల లోపు. పాడేటప్పుడు తక్కువ పెట్టండి, మిక్సింగ్‌లో పెంచుకోండి. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ ఉంటే అదే అన్నిటికంటే మంచిది.

మూడోది తాళం. సాఫ్ట్‌వేర్ తెరవగానే సాధారణంగా నిమిషానికి 120 దెబ్బలు, నాలుగేసి దెబ్బల లెక్క ఉంటుంది. ఆది తాళానికి సర్దుకోవచ్చు. మిశ్ర చాపు 7, అంటే 3, 4. ఖండ చాపు 5, అంటే 2, 3. వాటిని నాలుగు గళ్ళలో ఇరికిస్తే మొదటి దెబ్బ ప్రతిసారీ వేరే మాట మీద పడుతుంది. పాప తడబడుతుంది. టైమ్ సిగ్నేచర్ 7/8కి, 5/8కి మార్చడానికి అర నిమిషం పట్టదు. పద్యం, శ్లోకం అయితే క్లిక్ పూర్తిగా ఆపేయండి. క్వాంటైజ్ బటన్ జోలికి అసలు పోవద్దు. మాటను గడిలోకి లాగితే దీర్ఘం కూడా హ్రస్వంలా వినిపిస్తుంది.

గదిని సరిచేయండి, గొంతును కాదు

టైల్స్ వేసిన పెద్ద హాలులో పాడితే శబ్దం గోడలకు తగిలి తిరిగి వస్తుంది. రికార్డు అయిన ఆ మోత తర్వాత సులభంగా పోదు. బట్టల అలమర తలుపులు తెరిచి దాని ఎదురుగా పాడండి. వెనక ఒక డూనా వేలాడదీయండి. ఫ్రిజ్ చప్పుడు, ఏసీ చప్పుడు విని దూరంగా జరగండి. ఎండాకాలంలో ఇక్కడ కీచురాళ్ళ గోల ఎంతో మీకు తెలుసు. పొద్దున్నే కాకటూలు అరుస్తాయి. ఏ వేళ మీ వీధి నిశ్శబ్దంగా ఉంటుందో చూసుకుని అప్పుడే పెట్టుకోండి.

మైకు నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. అప్పుడు ప, భ దగ్గర గాలి దెబ్బ తగలదు. 24 బిట్‌లో రికార్డు చేయండి. గట్టిగా పాడిన చోట మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. ఇంత చేస్తే నాయిస్ రిడక్షన్ అవసరం దాదాపు ఉండదు. తప్పిన లైను మళ్ళీ పాడడానికి ఆడాసిటీలో పంచ్ అండ్ రోల్ ఉంది. ముందు కొన్ని సెకన్లు వినిపించి, అక్కడి నుంచి రికార్డు చేస్తుంది. ఒక్కో స్వరాన్ని మౌసుతో లాగే టైములో లైను నాలుగుసార్లు పాడవచ్చు. నాలుగుసార్లు పాడిన పాపకు పాట వస్తుంది. మౌసు లాగిన నాన్నకు మౌసు వస్తుంది.

"పిల్లలు నిరుత్సాహపడతారు కదా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పిల్లలు స్కూల్లో వినే పాటలన్నీ నున్నగా ఉంటాయి. తమ గొంతు గరుకుగా వినిపిస్తే సిగ్గుపడతారు. కానీ సరిచేసిన ఫైలు వాళ్ళకు ఏం చెబుతోంది? "నీ గొంతు సరిపోదు" అని చెబుతోంది. పైగా స్టేజీ మీద పాడే రోజు ఆ బటన్ ఉండదు.

నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. ఈ దేశానికి ఆ విద్యలో పేరు ఉంది. నిజమైన శబ్దాన్ని దాచి కీబోర్డు మీద వాయించే ఫెయిర్‌లైట్ సీఎంఐని 1979లో సిడ్నీలోనే పీటర్ వోగెల్, కిమ్ రైరీ తెచ్చారు. కొంచెం ఈక్వలైజర్, కొంచెం కంప్రెసర్, కొంచెం రివర్బ్ వాడండి, తప్పులేదు. అవి పాటకు చొక్కా తొడుగుతాయి. పిచ్ కరెక్షన్ ముఖం మారుస్తుంది.

ఒక కుటుంబం పంపిన ఫైలులో అమ్మమ్మ, మనవరాలు కలిసి పాడారు. అమ్మమ్మ గొంతు వయసు వల్ల వణుకుతుంది. ఫైలులో వణుకు లేదు. అమ్మమ్మా లేదు. ఎవరో తెలియని ఒక నున్నటి గొంతు ఉంది. అసలు రికార్డింగ్ ఉందా అని అడిగాను. చోటు చాలక తీసేశామన్నారు.

అసలు టేకు దాచండి

అన్నమయ్య కీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద నిలిచాయి. రేకు మీద మాట ఉంది, రాగం పేరు ఉంది. స్వరాలు రాసిలేవు. అందుకే ఈ రోజు మనం పాడే బాణీలు ఎక్కువగా 20వ శతాబ్దపు సంగీతకారులు కట్టినవి. రాగిరేకు చెక్కినవాళ్ళకు బాణీ దాచే సాధనం లేదు. మనకు ఉంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒక ఛానెల్ అంటే నిమిషానికి 9 ఎంబీ కూడా కాదు. ఆరు నిమిషాల కీర్తనకు 52 ఎంబీ. ఫోన్లో పనికిరాని వీడియోలు అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి.

కాబట్టి ఏమీ మార్చని వేవ్ ఫైలు ఒకటి వేరే డ్రైవులో పెట్టండి. ఫైలు పేరు "ఫైనల్ కొత్తది 2" అని పెట్టకండి. పాట, రాగం, తాళం, శ్రుతి, పాడినవారు, సంవత్సరం రాయండి. అదే తెలుగులో రాయండి. మొదట్లో పాడేవాళ్ళు తమ పేరు తామే చెప్పాలి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డు ఇచ్చినప్పుడు పాట చివర తన పేరు చెప్పారు. అందుకే ఇప్పటికీ ఆ గొంతు ఎవరిదని ఎవరూ అడగక్కర్లేదు.

ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడుతామని ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో చెప్పినవాళ్ళు 2016లో 34 వేల పైచిలుకు, 2021లో 59 వేల పైచిలుకు. ఆ ఇళ్ళలో పుట్టిన పిల్లలకు తాతయ్య పక్కన కూర్చుని నేర్చుకునే వీలు తక్కువ. వాళ్ళు ఫోన్లో విని నేర్చుకుంటారు. ఈ ఏడాది మీ అమ్మాయి పంపిన ఫైలే వచ్చే ఏడాది ఇంకో అమ్మాయికి పాఠం. అందులో "నాదు" "నాడు" అయితే, ఆ అమ్మాయికి అది "నాడు"గానే మిగులుతుంది.

గుడి కమిటీలకు, తెలుగు బడులకు నా విన్నపం ఇది. పాట అడిగినప్పుడు రెండు ఫైళ్ళు అడగండి: మిక్స్ చేసినది ఒకటి, ఏమీ మార్చనిది ఒకటి. తెలుగు లిపిలో పాట కాగితం కూడా అడగండి. పిచ్ కరెక్షన్ చేసిన పాట వస్తే మర్యాదగా తిప్పి పంపండి, ఏ లైను మళ్ళీ పాడాలో రాసి పంపండి. ఈ మాటకు కొందరికి నా మీద కోపం వస్తుంది. రానివ్వండి. వచ్చే పండగకు ఇంకా టైము ఉంది, డూనా ఇంట్లోనే ఉంది.