చిన్నోడికి జంగ్‌లా వినిపించిన సుల్హ్



పోయిన జుమా నమాజు అయ్యాక మా చిన్నోడిని అడిగాను, "మౌలానా సాబ్ బయాన్‌లో ఏం చెప్పారు బేటా?" అని. "ఏదో జంగ్ గురించి అబ్బా" అన్నాడు. మౌలానా అరగంట సేపు చెప్పింది హుదైబియా సుల్హ్ గురించి! పిల్లాడి తప్పేం లేదు. శ్రీకాకుళంలో మా ఇళ్లలో ఉర్దూ ఉంది గానీ అది వంటింటి ఉర్దూ. సాలన్‌లో నమక్ తక్కువైందని చెప్పడానికి సరిపోతుంది. ముఆహిదా అంటే ఒప్పందమని తెలియడానికి చాలదు.

బయాన్ తెలుగులో పెట్టమంటే మా బుజుర్గులు కోప్పడతారు. ఉర్దూ పోతే తహజీబ్ పోతుందంటారు. ఆ భయం నాకూ తెలుసు, మా అబ్బాజాన్‌దీ అదే మాట. అలా అన్నప్పుడల్లా నాకు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా సాహెబ్ గుర్తొస్తారు, రహ్మతుల్లాహి అలైహి.

1908లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన ఖానూన్ ఆలిమ్. రాజ్యాల మధ్య జంగ్, సుల్హ్, రాయబారుల విషయంలో ఇస్లాం ఏం చెప్పిందన్నదే ఆయన తహఖీఖ్. జర్మనీలోని బాన్‌లో ఒక డాక్టరేట్, 1935లో పారిస్ సోర్బాన్‌లో ఇంకొకటి. రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం కాలం నాటి ఖత్‌లు, ముఆహిదాలు పోగేసి అరబీలో కితాబు వేశారు. మా చిన్నోడు జంగ్ అనుకున్న ఆ సుల్హ్ కూడా అందులో ఉంది. 1948లో నిజాం తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో ఉన్నారు. ఇంతలో రియాసతే లేకుండా పోయింది. ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు. షాదీ కూడా చేసుకోలేదు. (ఈ సంగతి చెబితే మా అమ్మీ, "పాపం, వండిపెట్టేదెవరో" అంది.)

ఉర్దూ నేర్చుకుని రండి, అప్పుడు దీన్ చెబుతానని ఆయన ఫ్రెంచివాళ్లతో అనలేదు. 1959లో ఖురాన్‌ను ఫ్రెంచిలోకి తర్జుమా చేశారు. ఇంగ్లీషులో, జర్మన్‌లో రాశారు. మరి ఆయన ఉర్దూ పోయిందా? ముప్పై ఏళ్లు పారిస్‌లో ఉన్నాక, 1980లో బహావల్‌పూర్ యూనివర్సిటీలో పన్నెండు ఉపన్యాసాలు ఉర్దూలోనే ఇచ్చారు!

అందుకే నా రాయ్ చెబుతున్నాను. జుమా ఖుత్బా అరబీలోనే ఉండనివ్వండి. దానికి ముందు బయాన్ తెలుగులో చెప్పించండి. ఉర్దూని మక్తబ్‌లో, ఇంట్లో కూర్చోబెట్టి సరిగ్గా నేర్పుదాం. అర్థం కాని బయాన్ వినిపిస్తే ఏ జబానూ రాదు. ప్రతి పైగంబర్‌నూ ఆయన ఖౌమ్ జబాన్‌తోనే పంపానని సూరా ఇబ్రాహీంలో అల్లాహ్ తఆలా సెలవిచ్చాడు. మన జబాన్ ఏదో సంతలో చేపలు బేరమాడేటప్పుడు బుజుర్గులకూ తెలుస్తూనే ఉంటుంది.

కమిటీ ఒప్పుకునేదాకా నేను ఆగలేను. ఇషా తర్వాత, మదీనా దస్తూర్ మీద హమీదుల్లా సాహెబ్ రాసిన చిన్న ఇంగ్లీషు కితాబును మావాడికి తెలుగులో చెబుతున్నాను. దునియాలో మొదటి లిఖిత రాజ్యాంగం అదేనంటారాయన. నిన్న రాత్రి చిన్నోడు మధ్యలో ఆపాడు.

"యూదుల్ని కూడా అందులో రాశారా అబ్బా?"

"రాశారు బేటా. వాళ్ల దీన్ వాళ్లదే అని కూడా రాశారు."

"మరి మౌలానా సాబ్ ఎప్పుడూ చెప్పలేదే!"

చెప్పే ఉంటారు.