పిల్లల మీదున్న కొర్రమీను జోలికి పోవద్దు!

గాలం పట్టే అన్నలకు, తమ్ముళ్లకు. వల వేసే గంగపుత్ర, ముదిరాజ్ సోదరులకు. చేపలు కోసిచ్చే అక్కలకు. మృగశిర చేపల కోసం సంచి పట్టుకొని రాంనగర్‌కు బయలుదేరిన అందరికీ—

మృగశిర కార్తె వచ్చిందంటే ఇంటింటా చేపల పులుసు ఉడకాల్సిందే. ఆ రోజు రాంనగర్, బేగంబజార్ మార్కెట్లలో కాలు పెట్టే సందుండదు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం క్యూ సరేసరి. తినొద్దని చెప్పడానికి ఈ కాగితం అచ్చు వేయించలేదు. మేమూ తింటాం, ముల్లు కూడా వదలం. మా గొడవ వేరే.

తొలకరి పడి, చెరువులోకి కొత్త నీరు దిగే ఈ రోజుల్లోనే చేపలు గుడ్లు పెడతాయి. బొచ్చె, రవ్వ పారే వరదకు ఎదురెక్కుతాయి. కొర్రమీను తీరే వేరు. నిలవ నీటిలో, తుంగ మధ్యన, తీగలు నెట్టి ఇంత చోటు చదును చేసుకుంటుంది. గుడ్లు అక్కడే తేలుతాయి. పిల్లలు దిగాక ఆ గుంపు నీటి మీద కుంకుమ చల్లినట్టు ఎర్రగా కదులుతుంటుంది. ఆ ఎరుపు కిందనే తల్లీ తండ్రీ కొన్ని వారాలపాటు కావలి ఉంటాయి. తిండి మీద కూడా వాటికి ధ్యాస ఉండదు.

గాలం వేసేవాడికి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసే ఆ ఎర్రటి గుంపు నడుమ రబ్బరు కప్పను విసురుతాడు. కొర్రమీను కరుస్తుంది. ఆకలేసి కాదు, పిల్లల మీదికి వచ్చినదాన్ని తరమడానికి. ఇంతకన్నా సులువైన వేట ఇంకోటి లేదు, అందుకే ఫోన్లలో ఆ వీడియోలే ఎక్కువ. కాపలా పోయాక మట్టగిడసలు, కొంగలు ఆ పిల్లల్ని ఎన్ని పూటలు ఉంచుతాయి? ఇంటికి తెచ్చింది ఒక చేపను. చెరువులో పోయింది ఒక కాన్పు. మన రాష్ట్ర చేప అని గొప్పగా చెప్పుకొనేది దీన్నే మరి!

మృగశిర నుంచి వినాయక చవితి దాకా పిల్లల గుంపు కనబడితే గాలం చుట్టేసి పక్కకు జరగండి. ఆ మూడు నెలలు కడుపుతో ఉన్న చేప పడితే వదిలేయండి. సర్కారు జీవో కోసం ఎదురుచూడకండి. గట్టు మీద ఉన్న నలుగురు ఒప్పుకుంటే అదే కట్టుబాటు.

ఈకతో వేటాడండి, బతికిన చేపను వదలండి

"వదలమంటారు సరే, గాలం మింగిన చేప వదిలినా బతుకుతుందా?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్న. వానపాము ఎర పెడితే చేప తీరిగ్గా మింగుతుంది, కొక్కెం పేగుల్లోకి పోతుంది. ఈకలతో, దారంతో పురుగులా కట్టిన ఎరను మాత్రం నోటి అంచున పట్టి, మోసం తెలిసి ఉమ్మేయబోతుంది. అప్పుడే లాగుతాం కాబట్టి కొక్కెం చాలా మటుకు పెదవికే తగులుకుంటుంది. కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లును పటకారతో ముందే నొక్కేసి ఉంటే, రెండు వేళ్లతో ఊడి వస్తుంది. దీన్నే ఫ్లై ఫిషింగ్ అంటారు.

పేరు వినగానే దొరల ఆట అనుకోకండి. విదేశీ కర్ర, రీలు, లైను కొనబోతే జేబు చిల్లే, నిజం. కానీ జపాన్ కొండవాగుల్లో టెంకారా అనే పద్ధతి ఉంది. రీలు లేదు. కర్ర కొసకే దారం కట్టి, దారం చివర ఈక ఎర కట్టి వేస్తారు. మన తాతలు పట్టిన వెదురు గాలానికీ దానికీ తేడా ఎరలోనే. రెండు నిలువుల సన్నని వెదురు, దాదాపు అంతే పొడవు దారం, చివర రెండు మూడు మూరల సన్న తంగూసు చాలు.

ఇక ఎర. అమెరికాలో ఫ్లైలు కట్టేవాళ్లు పుంజు మెడ తోలు కోసం వేలకు వేలు పోస్తారు. పొడవాటి, సన్నని మెడ ఈకల కోసమే అక్కడ కోళ్లను తరాల తరబడి ఎంచి పెంచుతున్నారు. మనకు డేగ, కాకి, సేతువ, పర్ల అని రంగును బట్టి పుంజులకు పేర్లే ఉన్నాయి, ఆ ఈకలేమో నాటుకోడి దుకాణం వెనక చెత్తబుట్టలో ఉంటాయి. అడిగితే ఊరికే ఇస్తారు, కాస్త వింతగా చూస్తారంతే. సబ్బు నీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, రెండు కలరా ఉండలు వేసిన డబ్బాలో దాచండి, పురుగు పట్టదు.

ఆరో నంబరో ఎనిమిదో నంబరో కొక్కేన్ని గ్రిప్ ప్లయర్‌లో బిగించి, ప్లయర్‌ను బల్లకు కట్టండి. కొక్కెం కంటి దగ్గర కుట్టు దారం మొదలుపెట్టి వంపు దాకా చుట్టండి. అక్కడ కోడి పొట్ట కింద దొరికే మెత్తని నూగును తోకగా కట్టాలి. ఒక జరీ పోగు (అమ్మ పాత పట్టుచీర అంచు చిరిగి ఉంటేనే సుమా), ఒక ఊలు పోగు, ఒక మెడ ఈక మొనను కూడా అక్కడే బిగించండి. దారాన్ని ముందుకు తెచ్చి, దాని వెనకే ఊలు చుట్టండి. దాని మీద ఈకను ఎడం ఎడంగా తిప్పుకుంటూ రండి. చివరగా జరీని ఎదురు దిశలో చుడితే ఈక కాడ తెగకుండా పట్టి ఉంచుతుంది. తల దగ్గర నాలుగు ముడులు, ఒక చుక్క గోళ్లరంగు. ఆరితే అయిపోయినట్టే. నీళ్లలో వేసి కొద్దికొద్దిగా లాగితే జలగలాగో, తోకకప్పలాగో కదులుతుంది. తిలాపియా, మట్టగిడస దీన్ని వదలవు. పైన తేలే ఎర కావాలంటే పాత హవాయి చెప్పు స్పాంజిని కప్పంత కోసి, మేక వెంట్రుకలతో కాళ్లు పెట్టండి. మొదట కట్టినది మరీ చింపిరిగా వస్తుంది. చేపకు దాని అందంతో పని లేదు.

పట్టినప్పుడు చెయ్యి తడిగా ఉండాలి. పొడి చెయ్యి చేప ఒంటి జిగురును ఒలిచేస్తుంది. కొర్రమీను గాలి పీల్చే చేప, కొంచెం సేపు బయట ఓర్చుకుంటుంది. రవ్వ, బొచ్చె అలా కాదు, ఫోటో మోజులో వాటి ప్రాణం తీయకండి. తెగిన తంగూసును గట్టు మీద పారేయకండి, కొంగల కాళ్లకు చుట్టుకునేది అదే.

ఇంకో మాట. చెరువు మీద హక్కు మత్స్య సహకార సంఘానిది. ఆదివారం కారేసుకొని వచ్చిన మనం వాళ్లను అడగకుండా గాలం వేస్తే దాని పేరు దొంగతనమే. అడగండి, రుసుము చెప్తే కట్టండి. గాలం వేటకు వచ్చేవాళ్లతో సంఘానికి నాలుగు రూపాయలు వస్తే, చెరువును కాపాడే చేతులు పెరుగుతాయి.

అలివి వల మీద నోరెత్తండి

మన గాలం సరిచేసుకున్నాకే ఈ మాట అనగలం. శ్రీశైలం వెనక జలాల్లో, సోమశిల, కొల్లాపూర్ వైపు, దోమతెరంత సన్న కన్నున్న అలివి వలలు తిరుగుతున్నాయి. అధికారులు పట్టుకొని కాల్చిన వార్త వస్తుంది, మళ్లీ వలలు దిగుతాయి. వేలెడంత కూడా లేని పిల్లలు అందులో ఊడ్చుకుపోయి, ఎండి, మూటలుగా అమ్ముడవుతాయి. నీళ్లలో వదిలిన చేప విత్తనం కిలో చేప అయ్యేలోపే ఆ మూటలో తేలుతుంది. ఎదిగిన చేపకే వల వేసే విసురువల మనిషి ఖాళీ పుట్టితో ఇంటికి పోతాడు. కూలికి వల లాగేవాడి మీద చెయ్యెత్తకండి. వలకు పెట్టుబడి పెట్టినవాడిని, ఎండు చేప కొన్నవాడిని పట్టుకోమని అడగండి.

ఇదేమీ కొత్త బాధ కాదు. సన్న వలలు పిల్ల చేపల్ని తుడిచిపెడుతున్నాయని చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873లోనే బ్రిటిష్ సర్కారుకు నివేదిక రాశాడు. 1897 మత్స్య చట్టం వచ్చింది. మందుగుండు పేల్చి, నీళ్లలో విషం కలిపి చేపల్ని చంపడం నేరమంది, వల కన్ను ఎంతుండాలో నియమం పెట్టే అధికారం ప్రభుత్వాలకిచ్చింది. ఆ చట్టంలో విషం కలిపినవాడికి రాసిన జరిమానా ఎంతో తెలుసా? 200 రూపాయల దాకా. లేదా రెండు నెలల దాకా జైలు. ఆనాటికి 200 పెద్ద మొత్తమే. ఇవాళ మృగశిర రోజున కిలో కొర్రమీను దానికి రాదు.

నీళ్లే విషమైతే

అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అదే మండలంలోని గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి, అదీ ఒక్కసారి కాదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. శుద్ధి చేసిన నీరే అలా ఉందంటే, రాత్రిపూట వాన చాటున వదిలే నీటి సంగతి ఊహించుకోండి.

చేపలు తెల్లవారుజామున పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గిందని అర్థం. అప్పుడు ఏడుస్తూ నిలబడితే లాభం లేదు, మధ్యాహ్నానికి ఆనవాళ్లు కొట్టుకుపోతాయి. శుభ్రమైన సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా అంచు దాకా నింపండి. కలిసే నాలా దగ్గర ఒకటి, చెరువు నడుమ ఒకటి. తేదీ, వేళ, చోటు రాసి ఐస్‌లో పెట్టండి. ఫోటోలు తీయండి. సంఘం పెద్దలతో కలిసి మత్స్యశాఖ అధికారికి, సనత్‌నగర్ పర్యావరణ భవన్‌లోని కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటి మాటకు రసీదు ఉండదు.

అక్వేరియంలో బోరుకొట్టిన చేపను చెరువులో వదిలే పుణ్యాత్ములకూ ఒక దండం. ఒళ్లంతా ముళ్లున్న ఆ సక్కర్ చేప వలలు చించుతోంది, ధర పలకదు, చావదు. 2000లోనే కేంద్రం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను ఇంకా చాటుగా పెంచేవాళ్లున్నారు. అది వరదకు చెరువు దాటిందా, ఎదురైన చేపనల్లా మింగుతుంది. మార్కెట్లో అడిగి కొనండి, అనుమానముంటే కొనకండి.

ఇప్పుడు చేయాల్సింది

ఈ మృగశిర రోజున మీ చెరువు సంఘం దగ్గరికి వెళ్లి, పిల్లల మీదున్న కొర్రమీనును ఎవరూ పట్టకూడదని తీర్మానం రాయించండి. ఆ తీర్మానం నకలును పంచాయతీ గోడకు, చేపల కొట్టు స్తంభానికి అంటించండి. పిల్లల గుంపు మీద వేసిన గాలం వీడియో కనిపిస్తే లైకు కొట్టకండి, కింద ఒక్క ముక్క రాయండి. ఆదివారం పొద్దున గట్టు మీదికి వచ్చేటప్పుడు ఒక ప్లయర్, దారపు ఉండ, గుప్పెడు కోడి ఈకలు తెచ్చుకోండి. కట్టడం వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పుదాం. చిన్నపిల్లలను తప్పకుండా తీసుకురండి, వాళ్ల వేళ్లకే ముడి తొందరగా పడుతుంది.

చదివాక ఈ కాగితాన్ని చేపల పొట్లం కట్టడానికి వాడినా మాకు కోపం లేదు. పొట్లం విప్పే ఇంట్లో ఇంకొకరు చదువుతారు.

ఇట్లు
చెరువు గట్టున గాలం వేసే కొందరం