తుక్కు సామాను మోగిస్తే ఇంజినీరింగ్ వస్తుందా?

పటాన్‌చెరులో పాత ఇనుప సామాను దుకాణం కనిపిస్తే ఓసారి ఆగండి. పాత కారు బ్రేక్ డ్రమ్ము ఒకటి అడిగి తీసుకుని, తాడుతో వేలాడదీసి స్పానర్‌తో కొట్టండి. ఖంగుమని గుడి గంటలా మోగుతుంది. అదే డ్రమ్ముకు పగులుంటే బొంగురుగా పలుకుతుంది. మెకానిక్‌లు ఇలా కొట్టి చూసే పగుళ్లు పట్టేస్తారు. కుండ కొనేముందు మన నాయనమ్మలు వేలితో కొట్టి చూసేదీ ఇందుకే కదా!

ఆ మోతను సంగీతం చేసినవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. అమెరికా స్వరకర్త జాన్ కేజ్ 1939లోనే బ్రేక్ డ్రమ్ములు వాడి ఓ రచన చేశాడు. ట్రినిడాడ్‌లో తోలు డప్పుల మీద ఆంక్షలు పెడితే జనం ముందు వెదురు బొంగులు, ఆ తర్వాత బిస్కెట్ డబ్బాలు, చివరికి ఖాళీ ఆయిల్ పీపాలు పట్టుకున్నారు. పీపా మూతను సుత్తితో లోపలికి గుంటలా దించి, ఒక్కో చోట ఒక్కో స్వరం పలికేలా చేశారు. స్టీల్‌పాన్ అలా పుట్టింది. ఇప్పుడది ఆ దేశపు జాతీయ వాద్యం.

ఇదంతా కెరీర్ పేజీలో ఎందుకంటారా? నా సంగతి చెప్తాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ నేను డబ్బిచ్చి కొన్నాను. మా బ్యాచ్‌లో చాలామంది అంతే. మొదటి ఇంటర్వ్యూలో ‘ఈ సెన్సర్‌కి థ్రెషోల్డ్ ఎంత పెట్టావ్? ఎందుకు అంతే పెట్టావ్?’ అని అడిగారు. నోట మాట రాలేదు. నిజంగా ఎంత పెట్టారో నాకు తెలిస్తే కదా!

తర్వాత ఆ జవాబు నాకు ఓ డబ్బా నేర్పింది. చాయ్ ఖర్చుకు దొరికే పీజో డిస్క్ ఒకటి డబ్బా అడుగున అతికించి, ఆర్డుయినోకు కలిపాను. గట్టిగా కొడితే పీజో పదుల వోల్టులు విసురుతుంది, బోర్డు కాలిపోవచ్చు. అందుకే పక్కన ఒక మెగా ఓమ్ రెసిస్టర్, ఒక జీనర్ డయోడ్ పెట్టాలి. ఇది పుస్తకంలో నేనూ చదివాను, కానీ అర్థమైంది అప్పుడే. ఇక అసలు తిప్పలు మొదలు. ఒక్కసారి కొడితే నాలుగుసార్లు మోగుతుంది, ఎందుకంటే రేకు ఇంకా వణుకుతూనే ఉంటుంది. దెబ్బ పడ్డాక 50 మిల్లీ సెకన్లు ఏదీ పట్టించుకోకు అని కోడ్ రాస్తే ఆ గోల తగ్గుతుంది, కానీ వేగంగా వాయిస్తే దెబ్బలు మింగేస్తుంది. ఎంత పెట్టాలన్నది మీరే తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్‌లో ఆడియో బఫర్ 512 శాంపిల్స్ ఉంటే, 44,100 రేటు దగ్గర దానికే దాదాపు 12 మిల్లీ సెకన్లు పోతాయి. చెయ్యి ముందు, శబ్దం వెనక. లేటెన్సీ అంటే ఏంటో చెవికి తెలుస్తుంది.

ఇంట్లోవాళ్లు ‘ఉద్యోగం చూసుకోక డబ్బాలు కొట్టుకుంటున్నాడు’ అనడం ఖాయం. డబ్బాలు వాయించినందుకు ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు, నిజమే. కానీ ఫ్యాక్టరీలో బేరింగ్ పాడవుతోందని ముందే పసిగట్టేదీ ఈ పద్ధతిలోనే. సెన్సర్ అతికించి, వణుకును అంకెలుగా మార్చి, ఏ ఫ్రీక్వెన్సీ కొత్తగా వచ్చిందో చూస్తారు. టర్బైన్లు, కంప్రెసర్లు చేసే బీహెచ్‌ఈఎల్ మన రామచంద్రాపురంలోనే ఉంది. చుట్టుపక్కల మోటారు, పంపు లేని యూనిట్ ఏదైనా ఉందా? ఈ బెల్టులో చదివే పిల్లలు కూడా ప్రాజెక్టులు కొనుక్కుంటున్నారంటే తప్పు వాళ్లదొక్కటే కాదు. స్పైరల్ బైండింగ్ చూసి మార్కులేసే కాలేజీలదీ ఉంది. పని చేయని ప్రాజెక్ట్ తెచ్చినా సరే, ఎందుకు చేయలేదో చెప్పగలిగితే మార్కులివ్వండి సార్!

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. కెమికల్స్ నింపిన పీపాలు ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు. లోపల మిగిలిన సాల్వెంట్ ఆవిరికి కటింగ్ నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. కడిగినా నమ్మకం లేదు. వాయించేటప్పుడు చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి. బ్రేక్ డ్రమ్ము కారుదే తీసుకోండి, లారీది ఒక్కరు ఎత్తలేరు.