ఓడరేవు పెట్టిన పేరు

మన దేవాలయమునకు వచ్చు పెద్దలలో కొందరు, కరీబియను దీవుల హిందువుల ప్రస్తావన వచ్చినపుడెల్ల ఒకే మాట అనుచుందురు. "వారికి భాష పోయినది, కులగోత్రములు పోయినవి, ఇక వారిలో మనవారనదగినది ఏమున్నది?" అని. ఈ మాట పలుమారు విని యూరకుంటిని. ఇప్పుడు మన సంఘమున పిల్లల భజన పాటలను గూర్చి వాదము లేచినది. దానికిని ఆ సముద్రము ఆవలి జనుల కథకును సంబంధము కలదని నా నమ్మకము. కావున ఆ కథను కొంత వివరముగా చెప్పి, నా అభిప్రాయమును పాఠక సోదర సోదరీమణుల ముందుంచుచున్నాను.

మన మారిషసు దీవికి 1834లో అట్లాసు అను ఓడ కూలీలను తెచ్చిన సంగతి బడిపిల్లలకును తెలియును. దానికి నాలుగేండ్ల పిమ్మట, 1838 మే 5వ తేదీన, విట్బీ, హెస్పెరసు అను రెండోడలు బ్రిటిష్ గయానా తీరము చేరినవి. ట్రినిడాడునకు ఫతేల్ రజాక్ అను ఓడ 1845 మే 30న వచ్చెను. ఫ్రెంచివారి మార్టినీకునకు 1853లోను, గ్వాడెలూపునకు 1854లోను ఒరేలీ అను ఓడయే మొదటివారిని చేర్చెను. ఈ రవాణా ముగియునప్పటికి గయానాకు సుమారు 2,39,000 మంది, ట్రినిడాడునకు సుమారు 1,44,000 మంది, గ్వాడెలూపునకు సుమారు 42,000 మంది, మార్టినీకునకు సుమారు 25,000 మంది చేరియుండిరి. గయానా దీవి కాదు, దక్షిణ అమెరికా ఖండపు అంచు. అయినను అచటి చెరకు తోట, మట్టికట్ట, కూలీల లైను ఇండ్లు చూచినవారు దానిని దీవులతోనే చేర్చి లెక్కింతురు. కారణము మనకు తెలిసినదే. బానిసలకు విడుదల కలిగినది, దొరలకు పనివారు కావలసివచ్చిరి.

వారిలో పెక్కుమంది కలకత్తా రేవున ఓడ ఎక్కినవారు, భోజ్‌పురి మాటలాడు గంగాతీర గ్రామస్థులు. మదరాసు రేవున ఎక్కినవారు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో తమిళులే ఎక్కువ, తెలుగువారును కలరు. కాని తోటలలో ఈ భేదము నెవ్వరును పాటింపలేదు. ఓడ ఏ రేవునుండి వచ్చెనో ఆ రేవు పేరే మనిషి పేరాయెను. తమిళుడైనను, తెలుగువాడైనను, అందరును మదరాసీలు. ఇచ్చట మన పూర్వులలో కోరంగి రేవున ఎక్కినవారిని కోరంగీలని పిలిచిరి. అదియు రేవు పేరే, దానిని ఎగతాళిగా వాడినవారును కలరు. అయినను కోరంగి గోదావరీ తీరపు రేవు గనుక ఆ పేరు చాటున తెలుగువాడు తెలుగువాడుగనే నిలిచెను. మదరాసు రేవు అట్టిది కాదు. అది రెండు భాషలవారిని ఒక పేరులో పోసి కలిపినది. నేడు గయానాలో నాయుడు అను ఇంటిపేరు గలవారు కలరు. అంతమాత్రమున వారు తెలుగువారేయని చెప్పరాదు, ఆ పేరు తమిళదేశమునను కలదు గదా. వారికిని ఆ సంగతి తెలియదు. తెలియజెప్పు తాత పోయి నూరేండ్లాయెను.

భాష యెట్లు పోయినదని అడుగువారికి ఒక మాట. అది నిర్లక్ష్యము వలన పోలేదు. తోట దొరలు మదరాసీలు నిలుకడ లేనివారని, పని విడిచి తిరుగువారని నిందించిరి. 1860 దాటిన పిమ్మట మదరాసునుండి ఓడలు చాలవరకు నిలిచిపోయినవి. క్రొత్తవారు రాని చోట పాత మాట నిలుచుట కష్టము. చుట్టునున్న వేలమంది భోజ్‌పురి మాటలాడుచుండ, పది ఇండ్ల మదరాసీలు బావి దగ్గర ఏ భాష మాటలాడుదురు? ట్రినిడాడులో 1868లో కెనడానుండి వచ్చిన ప్రెస్బిటీరియను మిషనువారు కూలీల బిడ్డలకు బడులు పెట్టిరి. వారు హిందీయును ఇంగ్లీషును నేర్పిరి. తెలుగునకు గాని తమిళమునకు గాని ఆ బల్లమీద చోటు లేకపోయెను. మనకు ఈ దీవిలో ప్రభుత్వ పాఠశాలలలో తెలుగు చెప్పు గురువులు కలరు. అది మన పెద్దలు పోరాడి సంపాదించిన భాగ్యము. అట్టి భాగ్యము దొరకనివారిని చూచి మనము ముక్కు విరుచుట న్యాయము కాదు.

ఇక వారికి మిగిలినదేమో చూతము. గయానాలో బెర్బీసు ప్రాంతమున మదరాసీల వంశమువారు కాళీమాయి పూజ చేయుదురు. ఆ కాళి మన దక్షిణాది మారెమ్మయే. తప్పెట మ్రోగును, వేపమండలు పట్టుదురు, పూజారికి పూనకము వచ్చును, రోగముతో వచ్చినవారికి అమ్మ మాట చెప్పును. వాడుకలో ఆ గుడిని కాళీ చర్చి యని పిలుచువారును కలరు, వినుటకు మనకు వింతగా నుండును. వారు పాడు పాటలు తమిళములోనివి. పాడువారిలో పెక్కుమందికి తమిళము రాదు. తండ్రి నోటినుండి కొడుకు, ఆంగ్లాక్షరములతో వ్రాసుకొన్న నోటుపుస్తకమునుండి మనుమడు నేర్చుకొనుచు ఆ పాటలను ఇంతవరకు తెచ్చిరి. మార్టినీకు దీవిలో మాల్దెవిదాన్ అను దేవుని కొలుతురు. ఆ మాటను నెమ్మదిగా పలికి చూచినచో అందులో మధురవీరుడు వినబడును. మనము అమ్మోరు పండుగ చేయుచు, ఆ వేపాకును మన గడపకు కట్టుచు, అక్కడి వేపాకు మనది కాదనుట ఎట్లు పొసగును?

ఈ పూజను అచటి తోటి హిందువులే చాలకాలము చిన్నచూపు చూచిరి. కోడిని కోయుట, పూనకము, ఇవి అనాగరికములని ఉత్తరాది పురోహితుల శిష్యులు ఏవగించుకొనిరి. బలి విషయమున నా మనస్సును వారి పక్షమే. అయినను ఏవగింపు వేరు, వెలివేయుట వేరు. గయానాకు 2015 నుండి 2020 వరకు ప్రధానమంత్రిగా నుండిన మోజెస్ నాగమూటూ మదరాసీ కుటుంబమున, బెర్బీసులోని విమ్ గ్రామమున పుట్టినవాడు. ఆయన 2000 సంవత్సరమున హెండ్రీస్ క్యూర్ అను నవలలో తన గ్రామపు మదరాసీల జీవితమును వ్రాసెను. ఎగతాళికి వాడిన పేరును గ్రంథముపై నిలుపుట చిన్న సంగతి కాదు.

జాతులు కలియుటను గూర్చియు మన పెద్దలకు భయము కలదు. ట్రినిడాడులో సిపారియా అను ఊరి రోమను కతోలిక దేవాలయమున మేరీమాత విగ్రహము కలదు. దానిని హిందువులు సిపారీ మాయి యని కొలుతురు. గుడ్ ఫ్రైడే పండుగనాళ్లలో బియ్యము, నూనె కానుకగా తెచ్చి, బిడ్డల పుట్టువెంట్రుకలు అక్కడ తీయింతురు. తిరుపతికి పోలేని తల్లి తన మ్రొక్కు ఎక్కడ తీర్చుకొనవలెను? ఆమె దగ్గరి కొండను వెదకుకొనినది. ఆ దీవిలోనే ఫెలిసిటీ అను పల్లెలో ఆడు రామలీలను చూచిన అనుభవముతో డెరెక్ వాల్కాట్ కవి 1992లో తన నోబెల్ ఉపన్యాసమును ఆరంభించెను. ఆయన భారతీయుడు కాడు, సెయింట్ లూషియా దీవివాడు. చెరకు పొలము ప్రక్కన వెదురుబద్దలతో కట్టిన రావణుడు లోకపు పెద్దసభకు అట్లు చేరెను.

అయితే అంతయు సామరస్యమే యని చెప్పిన అబద్ధమగును. ఆఫ్రికను, భారతీయ రక్తములు రెండును గలవానిని అక్కడ డగ్లా యందురు. మన భోజ్‌పురి పొరుగువారి నడిగిన, ఆ మాట తిట్టేయని చెప్పుదురు. 1961లో ది మైటీ డగ్లా అను బిరుదుగల గాయకుడు ఒక పాటలో, ఎవరి దేశమునకు వారిని పంపివేసినచో నన్ను చీల్చి రెండు ఓడలలో పంపుదురా యన్న భావము పలికి, దీవినంతను నవ్వించెను. నవ్వినవారిలో ఎందరు ఆలోచించిరో! గయానాలో 1950లో చెడ్డి జగన్, ఫోర్బ్స్ బర్న్‌హాము కలిసి ఒక పార్టీని స్థాపించిరి, 1955లో విడిపోయిరి. ఆ చీలిక తరువాత ఓటు జాతిని బట్టి పడసాగెను. 1964లో ఊళ్లు తగులబడినవి, నూరుమందికి పైగా ప్రాణములు పోయినవి. 1980ల ఆరంభమున ప్రభుత్వము గోధుమపిండి దిగుమతిని నిషేధించగా, రొట్టెకు బియ్యపుపిండితో సరిపెట్టుకొనవలసి వచ్చెను. ఆ కష్టము ఆఫ్రికను ఇంటిలోను భారతీయ ఇంటిలోను ఒక్కటే. ఈ కాలములలో వేలకొలది కుటుంబములు గయానా విడిచి లండను, టొరంటో, న్యూయార్కు నగరములకు తరలిపోయినవి.

న్యూయార్కులో క్వీన్సు భాగమున రిచ్మండ్ హిల్ అను పేట వారికి నెలవైనది. అక్కడ వారికి మూడవసారి పేరు పెట్టవలసి వచ్చెను. జనాభా లెక్కలవారి కాగితముపై వారికి సరిపడు గడి లేదు. ఏషియను ఇండియను అని గుర్తు పెట్టిన, వారు ఇండియాను చూచి ఎరుగరు. వెస్టిండియను అన్న, వినువారు ఆఫ్రికను సంతతివారినే తలచుకొందురు. నేరుగా భారతదేశమునుండి వచ్చినవారు గుడిలో కలిసినపుడు, "మీ భాష యేమి, మీ ఊరేది?" అని అడుగుదురు. అడుగువానికి అది మర్యాద. బదులు లేనివానికి పరీక్ష. అందుచేత వారు తమ గుళ్లు తామే పెట్టుకొనిరి. కాళీమాయి గుళ్లును అందులో కలవు. గంగ అక్కడ లేదు గనుక జమైకా బే అను ఉప్పునీటి కయ్యలో పూలు, కొబ్బరికాయలు విడిచిరి. అది రక్షిత ప్రదేశమగుటచే అధికారులు అభ్యంతరము చెప్పిరి. వారిలోని యువకులే పోయి తీరమును శుభ్రపరచు పని పెట్టుకొనిరి. కార్తిక పున్నమినాడు మన సముద్రతీరమున గంగాస్నానము చేయువారము మనము. ఉప్పునీరు గంగ యగుటను గూర్చి వారికి పాఠము చెప్పు అర్హత మనకు లేదు, నేర్చుకొను అర్హత కలదు. స్నానము ముగిసిన మరునాటి మన ఇసుకను చూచినవారెవరైనను ఒప్పుకొందురు.

2021లో ఆ పేటలోని లిబర్టీ అవెన్యూ వీధి ఒక కూడలి దగ్గర లిటిల్ గయానా అవెన్యూ అను పేరునుకూడ పొందినది. 2023లో న్యూయార్కు రాష్ట్రము దీపావళిని నగర పాఠశాలలకు సెలవుదినము చేయుచు చట్టము చేసినది. పేరు కోల్పోయినవారు వీధికి పేరు పెట్టించిరి.

మన దీవివాడైన ఖాల్ తొరాబుల్లీ కవి 1992లో కూలిట్యూడ్ అను మాటను కల్పించి ప్రచారము చేసెను. కూలీ యన్న తిట్టును తీసి, ఓడ దాటిన వారందరి చుట్టరికమునకు పేరుగా మార్చెను. ఏ భాషవాడు, ఏ మతమువాడు అన్న ప్రశ్న ఆ మాటలో మొదట రాదు. సముద్రము దాటితివా యన్నదే మొదటి ప్రశ్న. ఆ మాట నాకు నచ్చినది, కాని పూర్తిగా కాదు. సముద్రము ఒక్కటే చుట్టరికమైనచో, మన తెలుగు దేనికి? భాష పోయినవాడు మనవాడు కాడనుట తప్పు. భాష పోయినను నష్టము లేదనుట అంతకంటె తప్పు. కాళీమాయి గుడిలో అమ్మను పిలుచు బాలునికి తాను పిలుచు మాటకు అర్థము తెలియనపుడు, అమ్మకు తెలియును గనుక చాలునని ఊరుకొనలేము.

ఇప్పుడు మన వాదమునకు వత్తును. మన పిల్లలలో పలువురు రామభజన పాటలను ఫ్రెంచి అక్షరములలో వ్రాసుకొని పాడుచున్నారు. అట్లు పాడినవారిని భజనలో ముందు వరుసన కూర్చుండనీయరాదని కొందరు పెద్దలు పట్టుబట్టుచున్నారు. లిపి నేర్చువరకు నోరు మూసుకొనుమని పిల్లవానితో చెప్పినచో, వాడు లిపియు నేర్వడు, భజనకును రాడు. గయానావారు ఆ నోటుపుస్తకములనే కాల్చివేసియుండినచో నేడు ఆ తప్పెట వెనుక పాట యుండెడిది కాదు. అయితే వారి పుస్తకములలో లేనిది ఒకటి కలదు, అర్థము. మనకు అర్థము చెప్పగలవారు ఇంకను ప్రతి ఊరిలో ఇద్దరు ముగ్గురు కలరు. వారిలో చాలమంది డెబ్బదియేండ్లు దాటినవారు.

కావున రాబోవు ఉగాదికి అచ్చువేయదలచిన భజన పుస్తకమున ఎడమ పుటపై తెలుగు లిపిని, కుడి పుటపై ఫ్రెంచి అక్షరములను, ఆ క్రింద క్రియోలులో అర్థమును ఉంచుదమని నా సూచన. పుటలు రెట్టింపగును, ఖర్చు పెరుగునని కోశాధికారిగారు అందురు. అది నిజమే. కాగితమునకును అచ్చుకూలికిని నేను లెక్కవేసి కార్యదర్శిగారికి ఇచ్చియున్నాను. చూడగోరువారు ఆదివారము పూజ ముగిసిన తరువాత వారిని అడుగవచ్చును.