పింఛను ఖాతాలో పసిడికి చోటెంత?

జాతీయ పింఛను పథకం నిధులలో కొద్ది భాగాన్ని బంగారం, వెండి ఈటీఎఫ్ యూనిట్లలో మదుపు చేసేందుకు పింఛను నిధుల నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2025 డిసెంబరులో అనుమతించింది. అప్పటికి అంతర్జాతీయ విపణిలో ఔన్సు బంగారం 4,000 డాలర్లు దాటి రెండు నెలలయింది. దేశంలో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటి ఎనిమిది నెలలు గడచింది. ధర ఇంత పెరిగిన తరువాత వచ్చిన ఈ అనుమతి, పదవీ విరమణ కోసం ప్రభుత్వం పన్ను రాయితీ ఇచ్చి దాచిపెట్టించే సొమ్ముతో ఏ వస్తువులు కొనవచ్చు, ఏవి కొనరాదు అన్న పాత ప్రశ్నను మన ముందుకు తెచ్చింది. ఈ ప్రశ్నతో అందరికంటే ఎక్కువ కాలం కుస్తీ పట్టిన దేశం అమెరికా. అక్కడ ఉద్యోగాలు చేస్తూ ఇటువంటి ఖాతాలలో పొదుపు చేస్తున్న తెలుగువారు, కొంతకాలం పనిచేసి స్వదేశానికి తిరిగివచ్చినవారు గణనీయంగా ఉన్నందున ఆ నిబంధనలు మనకు పరాయి విషయం కావు.

అమెరికాలో వ్యక్తిగత విరమణ ఖాతా 1974 నాటి చట్టంతో పుట్టింది. ఐ.ఆర్.ఎ. అని వ్యవహరించే ఈ ఖాతాలో వేసిన సొమ్ముపై అప్పటికి పన్ను ఉండదు. వృద్ధాప్యంలో తీసుకున్నప్పుడు మాత్రమే చెల్లించాలి. అదే సంవత్సరం చివరి రోజున, 1933 నుంచి అమలులో ఉన్న ఆంక్షలు తొలగి, అమెరికా పౌరులు బంగారాన్ని కడ్డీల రూపంలో తమ వద్ద ఉంచుకొనే హక్కును తిరిగి పొందారు. ఆ దశాబ్దంలో ద్రవ్యోల్బణం చెలరేగింది. బాండ్లు, బ్యాంకు డిపాజిట్లు కరిగిపోతుంటే జనం తపాలా బిళ్లలు, పాత నాణేలు, తివాచీలు, చిత్రాల వైపు మళ్లారు. విరమణ ఖాతాల సొమ్ము సైతం ఆ దారి పట్టింది. 1980 జనవరిలో బంగారం ఔన్సు 850 డాలర్లకు చేరింది.

1981లో రీగన్ ప్రభుత్వం తెచ్చిన పన్నుల చట్టం ఒక చేత్తో ఈ ఖాతాను ఉద్యోగులందరికీ అందుబాటులోకి తెచ్చి, మరొక చేత్తో ఈ వ్యాపకానికి తలుపు మూసింది. కళాఖండాలు, తివాచీలు, పురావస్తువులు, లోహాలు, రత్నాలు, తపాలా బిళ్లలు, నాణేలు, మద్యం - వీటన్నిటినీ ‘సేకరణ వస్తువులు’గా నిర్వచించింది. 1981 డిసెంబరు 31 తరువాత ఖాతా సొమ్ముతో వీటిలో దేనిని కొన్నా, ఆ కొనుగోలు వెల మేరకు ఖాతాదారుకు అప్పుడే డబ్బు చెల్లించినట్లు పరిగణించాలన్నది నిబంధన. ఇందులోని సూక్ష్మం గమనించదగినది. చట్టం కొనవద్దని నిషేధించలేదు. కొంటే రాయితీ ఉండదని మాత్రమే అన్నది. నిషేధం కన్నా ఇదే గట్టిగా పనిచేసింది.

కారణాలు అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. కంపెనీ వాటా ధర ప్రతిరోజూ బజారులో తెలుస్తుంది. గోడకు వేలాడే చిత్రం వెల ఎంతో చెప్పేది ఎవరు? సొంతదారే ధర కట్టుకుంటే పన్నుల శాఖ కాదనగలదా? పైగా ఆ చిత్రం అతని హాలులోనే ఉంటుంది, తివాచీ అతని కాళ్ల కిందే ఉంటుంది. వృద్ధాప్యం కోసమని రాయితీ ఇచ్చిన సొమ్ముతో నేటి విలాసం సాగుతుంది. ఆ ఖర్చులో కొంత పన్నులు కట్టే ఇతరుల మీద పడుతుంది. ఈ వాదనలో బలం ఉన్నది.

అయితే చట్టం ఈ వాదనకు కట్టుబడి నిలువలేదు. 1986లో అమెరికా ప్రభుత్వం ముద్రించే బంగారు, వెండి ‘ఈగిల్’ నాణేలకు మినహాయింపు దొరికింది. అంతకు ముందటి సంవత్సరమే ఆ బంగారు నాణేల ముద్రణకు చట్టం చేశారన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. 1997 చట్టం తగిన స్వచ్ఛత గల బంగారం, వెండి, ప్లాటినం, పలేడియం కడ్డీలకు కూడా దారి తెరచింది. బంగారానికి 99.5 శాతం, వెండికి 99.9 శాతం స్వచ్ఛత ఉండాలి. విచిత్రమేమంటే ఈగిల్ బంగారు నాణెం 22 కారట్లదే. స్వచ్ఛత పరీక్షకు నిలిస్తే అది తప్పిపోవలసినదే. దానికి చట్టమే పేరు పెట్టి అనుమతి ఇచ్చింది. సరిగ్గా అదే 22 కారట్ల దక్షిణాఫ్రికా క్రూగర్‌రాండ్‌కు మాత్రం ప్రవేశం లేదు. సూత్రం కంటే ప్రభుత్వ టంకశాల ప్రయోజనమే ఇక్కడ పైచేయి అయిందనక తప్పదు. ఇక మన ఇళ్లలోని 22 కారట్ల ఆభరణాల సంగతి చెప్పనక్కరలేదు. విరమణ ఖాతా దృష్టిలో అవి కేవలం సేకరణ వస్తువులు.

నిజమైన ప్రమాదం స్వచ్ఛత దగ్గర కాదు, భద్రపరచే చోటు దగ్గర ఉన్నది. మినహాయింపు పొందిన కడ్డీలు బ్యాంకు లేదా పన్నుల శాఖ ఆమోదించిన ధర్మకర్త భౌతిక స్వాధీనంలోనే ఉండాలి. ఈ షరతు కడ్డీలకే గాని నాణేలకు కాదన్న అన్వయాన్ని కొందరు వ్యాపారులు ఆకర్షణీయమైన ప్రకటనలుగా మలిచారు. ఖాతా పేరున ఒక పరిమిత బాధ్యత కంపెనీ పెట్టండి, దానికి మీరే మేనేజరుగా ఉండండి, నాణేలను మీ ఇంటి ఇనప్పెట్టెలో దాచుకోండి అన్నది ఆ ప్రకటనల సారాంశం. రోడ్ ఐలండ్ రాష్ట్రానికి చెందిన ఒక మహిళ అదే చేసింది. నాలుగు లక్షల డాలర్లకు పైబడిన నాణేలను ఇంటి పెట్టెలో ఉంచుకున్నది. అమెరికా పన్నుల న్యాయస్థానం 2021 నవంబరులో ఆమెకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. సంరక్షకుడి పర్యవేక్షణ లేకుండా ఖాతాదారే ఆస్తిని తన చేతిలో పెట్టుకుంటే అది విరమణ ఖాతా లక్షణాన్నే కోల్పోతుందని, ఆ నాణేల విలువ మొత్తం ఆమెకు చేరిన ఆదాయమేనని నిర్ణయించింది. పన్నుపై జరిమానా కూడా తప్పలేదు. పన్ను సలహా నిపుణులను సంప్రదించకుండా, అమ్మేవాడి మాటనే న్యాయ సలహాగా తీసుకోవడం ఆమెకు ఖరీదైన వ్యవహారమయింది.

ఎంత ఖరీదో ఉజ్జాయింపుగా చూద్దాం. నలభై ఐదేళ్ల ఉద్యోగి తన ఖాతాలోని 30,000 డాలర్లతో అనుమతి లేని నాణేలు కొన్నాడనుకుందాం. అతని ఆదాయంపై చివరి అంచె పన్ను 24 శాతమైతే 7,200 డాలర్లు పన్ను. వయసు యాభై తొమ్మిదిన్నర నిండలేదు గనుక పది శాతం అదనపు పన్నుగా మరి 3,000. చేతికి ఒక్క డాలరు రాకుండానే 10,200 చెల్లించాలి. రాష్ట్రం విధించే పన్ను ఉంటే అది వేరు.

బంగారంపై మక్కువ ఉన్నవారికి చిక్కులేని మార్గం బంగారు ఈటీఎఫ్. అటువంటి ట్రస్టుల యూనిట్లు కొనడం సేకరణ వస్తువును కొనడం కాదని అక్కడి పన్నుల శాఖ తన ప్రత్యేక నిర్ణయాలలో అంగీకరించింది. కంప్యూటరు తెరపై తప్ప ఎక్కడా లేని ఎన్.ఎఫ్.టి. అనే డిజిటల్ బొమ్మలకు సైతం 2023 మార్చిలో ఒక కొలబద్ద చెప్పింది. ఆ టోకెను వెనుక ఉన్న హక్కు ఏ వస్తువుపైనో చూసి, ఆ వస్తువు రత్నమైతే టోకెనూ సేకరణ వస్తువే అన్నది. 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు 401-కె ఖాతాలలోకి ప్రైవేటు ఈక్విటీ, డిజిటల్ ఆస్తులు, సరుకుల ఫండ్లు వచ్చేలా నిబంధనలను పునఃపరిశీలించమన్నది గాని, 1981 నాటి సేకరణ వస్తువుల నిబంధనను మార్చలేదు. చట్టసభ చేసిన చట్టాన్ని ఉత్తర్వుతో మార్చే వీలూ లేదు.

స్వదేశానికి తిరిగివచ్చిన ప్రవాసులకు దీనితో మరొక ముడి ఉన్నది. అమెరికా, బ్రిటన్, కెనడా విరమణ ఖాతాలలో పెరిగే ఆదాయంపై భారతదేశంలో ఏటేటా కాక, ఆ దేశంలో పన్ను పడినప్పుడే పన్ను కట్టే వెసులుబాటును 2021 ఆర్థిక చట్టం కల్పించింది. ఖాతాదారు ఇక్కడ నిశ్చింతగా ఉండి, అక్కడి ఖాతాలో అనుమతి లేని లోహం కొంటే అమెరికా లెక్కలో ఆ సంవత్సరమే సొమ్ము తీసుకున్నట్లవుతుంది. ఆ కొనుగోలుతో రెండు దేశాల లెక్కలనూ తిరిగి చూసుకోవలసి వస్తుంది.

బ్రిటన్‌లో 2006 ఏప్రిల్ నుంచి పింఛను నిధులతో ఇళ్లు, చిత్రాలు, ద్రాక్షసారాయి కొనుక్కోవచ్చని ఆశ పెట్టి, నాలుగు నెలల ముందు ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ వెనక్కు తగ్గారు. ఆస్ట్రేలియా 2011లో మధ్యేమార్గం ఎంచుకున్నది. కొనవచ్చు గాని ఇంట్లో పెట్టుకోరాదు, బంధువులకు అద్దెకివ్వరాదు, ఏడు రోజులలోగా నిధి పేరున బీమా చేయించాలి.

మన దేశంలో ఈ రగడ లేకపోవడానికి కారణం మన చట్టాల దూరదృష్టి కాదు. చందాదారుకు ఎంపిక చేసుకొనే స్వేచ్ఛే లేకపోవడం. ఉద్యోగుల భవిష్య నిధిలో సొమ్ము ఎక్కడ పెట్టాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ నిధి 2015 వరకు షేర్ల జోలికే పోలేదు. జాతీయ పింఛను పథకంలో కొంత ఎంపిక ఉన్నా, తన ఖాతాలో రవివర్మ చిత్రం కొనిపెట్టమని ఎవరూ అడగలేరు. చిత్రాలు, శిల్పాల అమ్మకంపై లాభానికి 2007లో మూలధన పన్ను వేయడంతో ప్రభుత్వం వాటిని ఆస్తిగా గుర్తించింది, అంతే.

బంగారం విషయంలో మన ప్రభుత్వానికి చేదు అనుభవమూ ఉన్నది. 2015 నవంబరులో గ్రాము 2,684 రూపాయలకు అమ్మిన తొలి విడత పసిడి బాండ్లకు ఎనిమిదేళ్ల తరువాత 6,132 రూపాయలు చెల్లించవలసి వచ్చింది. మధ్యకాలంలో ఇచ్చిన వడ్డీ దీనికి అదనం. 2024 ఫిబ్రవరి తరువాత కొత్త విడత రాలేదు. ధర పెరిగే భారాన్ని బాండ్లలో ఖజానా మోసింది. ఈటీఎఫ్‌లో ధర తగ్గే భారాన్ని చందాదారు మోస్తాడు. ఈ తేడా పింఛను పథకం ప్రచారంలో కనిపించవలసిన స్థాయిలో కనిపించడం లేదు.

కడ్డీలకు బదులు యూనిట్లను అనుమతించడం వల్ల ధర తగాదా, ఇనప్పెట్టె తగాదా మన పథకానికి రావు. అంతవరకు నియంత్రణ సంస్థ నిర్ణయం సబబే. పరిమితిని తక్కువగా ఉంచడమూ సబబే. ఆ పరిమితికి లోబడి ఎప్పుడు, ఎంత కొనాలన్నది మాత్రం ఫండు మేనేజరు చేతిలో ఉన్నది. 1980లో 850 డాలర్లు పలికిన బంగారం 1999లో 250 డాలర్ల సమీపానికి దిగింది. ఆ పందొమ్మిదేళ్లలో పదవీ విరమణ చేసినవారు ఎందరో ఉన్నారు. తన ఖాతాలోకి పసిడి ఏ ధరకు వచ్చిందో చందాదారుకు ఏటా అందే ఖాతా వివరాలలో విడిగా చూపించమని నియంత్రణ సంస్థ ఫండు మేనేజర్లను ఆదేశించడం కష్టమైన పని కాదు.