ముప్పయ్యారో వారపు పరీక్ష

అమెరికాలో నెలలు నిండుతున్న ప్రతి గర్భిణికీ ఒక పరీక్ష చేయడం ఆనవాయితీ. యోని దిగువభాగం నుండీ, మలద్వారం నుండీ దూదిపుల్లతో నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు. వెతికేది గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియాను. "పాజిటివ్" అని రాగానే అక్కడి మన ఆడపడుచులు కొందరు బెంబేలెత్తడం, కొందరు సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేకపోవడం నేనెరుగుదును. ఆ సిగ్గుకు అర్థం లేదు. ఇది సుఖవ్యాధీ కాదు, అశుభ్రతకు గుర్తూ కాదు. అక్కడి గర్భిణులలో నూటికి పది నుండి ముప్పైమందిలో ఈ జీవి సాధారణంగా ఏ బాధా పెట్టకుండానే నివసిస్తుంది.

ముప్పంతా బిడ్డకే. చికిత్స లేనప్పుడు అటువంటి తల్లుల బిడ్డలలో నూటికి ఒకరిద్దరికి తొలి వారంలోనే సెప్సిస్, న్యుమోనియా, మెనింజైటిస్ వంటివి రావచ్చు. మందు ముందుగా మింగితే ప్రయోజనం లేదు. బాక్టీరియా మళ్ళీ చేరుతుంది. నొప్పులు మొదలయ్యాక, వీలైతే కాన్పుకు నాలుగు గంటల ముందే, పెన్సిలిన్ నరంలోకి ఎక్కించాలి. అందరికీ పరీక్ష చేయాలని సీడీసీ 2002లో సూచించింది. 1990ల ఆరంభంలో అమెరికాలో వెయ్యి జననాలకు 1.8గా ఉన్న తొలివారపు జబ్బు 2015 నాటికి 0.23కు తగ్గింది.

అయితే బ్రిటన్ అందరికీ ఈ పరీక్ష చేయదు. పరీక్షనాటికి ఉన్న బాక్టీరియా కాన్పునాటికి పోవచ్చుననీ, వేలమందికి అనవసరంగా యాంటీబయాటిక్ ఇచ్చినట్లవుతుందనీ వారి వాదన. కొట్టిపారేయదగినది కాదది. మన దేశంలోనూ జాతీయస్థాయిలో ఇటువంటి కార్యక్రమం లేదు. ఢిల్లీ ఆసుపత్రులలో జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో పసికందుల సెప్సిస్‌కు ముఖ్య కారకాలుగా తేలినవి ఎసినిటోబాక్టర్, క్లెబ్సియెల్లా వంటివి. కనుక అమెరికా పద్ధతిని యథాతథంగా దిగుమతి చేసుకోమని నేననను. పురిటిగదిలో చేతుల శుభ్రత మనకు మొదటి మెట్టు.

కానీ పరీక్ష చేయించుకున్నవారికైనా దాని ఫలం దక్కాలి గదా! నమూనాను ఏ బాక్టీరియా కోసం పంపుతున్నారో ప్రయోగశాలకు స్పష్టంగా తెలపాలి. ముందుగా ప్రత్యేక ద్రవమాధ్యమంలో 18 నుండి 24 గంటలు పెంచకపోతే ఈ జీవి దొరకకుండా తప్పించుకోవచ్చు. పెన్సిలిన్ పడనివారు ఆ సంగతి అప్పుడే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, మన అమ్మాయిలు ఒక ఊళ్ళో చూపించుకుని పురుటికి పుట్టింటికి వెళతారు. సారెతోబాటు ఆ కాగితమూ వెళ్ళాలి. నొప్పులవేళ కనబడని నివేదిక ఎంత ఖచ్చితమైనదైతేనేం, బిడ్డకు ఒరిగేదేమిటి?