ఉచిత ఆపరేషన్ అయితే నోరు మూసుకోవాలా?



అక్క గుండె ఆపరేషన్‌కి రక్తం కావాలని మేం ఇక్కడ పెట్టిన రోజు, సాయంత్రంలోపే ఆరుగురు తమ్ముళ్లు హాస్టళ్ల నుంచి బస్సెక్కి వచ్చేశారు. ఆ రుణం మా ఇంటి మీద ఎప్పటికీ ఉంటుంది. కానీ అదే పోస్టు కింద కొందరు అన్నలు రాసిన మాటలకి మేం అప్పుడు జవాబు చెప్పలేదు. ఆపరేషన్ గొడవలో ఉన్నాం, ఓపిక లేదు. ఇప్పుడు అక్క ఇంటికొచ్చి నలభై రోజులైంది. గడప దాటి చింతచెట్టు దాకా తనే నడిచి వస్తోంది. కాబట్టి ఇప్పుడు చెప్తాం.

ఆ మాటలు ఇవి. “లక్షల రూపాయల ఆపరేషన్ ఫ్రీగా చేస్తున్నారు, దండం పెట్టుకోక ప్రశ్నలేంటి?” “మీరిలా డాక్టర్లని విసిగిస్తే రేపు మన కొండోళ్లు ఎవరొచ్చినా చేర్చుకోరు.” “రెండు ఇంగ్లీషు ముక్కలు రాగానే డాక్టర్ కంటే ఎక్కువైపోయారా?”

రాసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. మనవాళ్లే, మన మంచి కోరేవాళ్లే. అందుకే ఈ మాటలు ఇంకా ప్రమాదం. మేం ఏం అడిగామో, ఎందుకు అడిగామో మొత్తం రాస్తున్నాం. చదివాక తీర్పు మీరే చెప్పండి.

అక్కకి 23 ఏళ్లు. ఇంటర్ దాకా చదివింది. పెళ్లై ఏడాది. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఉండగా గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. తర్వాత మోకాళ్లు వాచాయి. ‘ఎదిగే వయసు నొప్పులు’ అన్నారు. పదేళ్ల తర్వాత బిందె ఎత్తితే ఆయాసం, పడుకుంటే దగ్గు. అప్పుడు ఎకో తీస్తే గుండెలో మిట్రల్ వాల్వ్ ముడుచుకుపోయిందని తేలింది. దీన్ని రుమాటిక్ గుండె జబ్బు అంటారు. గొంతులో చేరిన ఒక బాక్టీరియాని సకాలంలో మందుతో చంపకపోతే, మన ఒంటి రక్షణ శక్తే తిరగబడి కొందరు పిల్లల్లో గుండె కవాటాల్ని దెబ్బతీస్తుంది. ఇరుకు గదుల్లో పక్కపక్కనే పడుకునే పిల్లలకి ఆ గొంతు జబ్బు తొందరగా అంటుకుంటుంది. మన హాస్టల్ డార్మిటరీలు గుర్తు తెచ్చుకోండి.

అంటే ఇది తలరాత కాదు. పెన్సిలిన్‌తో ఆగిపోయే జబ్బు ఇది. ఆ మందు అందాల్సిన చోట అందలేదు, పదేళ్ల తర్వాత ఛాతీ కోయాల్సి వచ్చింది. మరి ‘ఫ్రీ’ అనే మాట ఎవరు ఎవరికి చెప్పాలి?

పట్నంలో పెద్దాసుపత్రి. పేరు రాయం, ఎందుకంటే గొడవ ఒక ఆసుపత్రిది కాదు. అక్క వెంట పెద్దమ్మ, మేం ముగ్గురం ఉన్నాం. మాలో ఒకరు నర్సింగ్ చదువుతున్నారు, మిగతా ఇద్దరం డిగ్రీ. పెద్దమ్మ మాట్లాడేది కువి. తెలుగు సంతలో బేరం ఆడేంత వచ్చు.

తొమ్మిదో రోజు రాత్రి ఒక కుర్ర డాక్టర్ కాగితాలు పట్టుకొచ్చాడు. “రేపు పొద్దున్నే కేసు. ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా” అన్నాడు. కాగితం మొత్తం ఇంగ్లీషు. పెద్దమ్మ మా వైపు చూసి “ఏటి రాసుందిరా?” అని అడిగింది. మేం చదువుతామంటే “లేటైతే డేట్ పోతుంది, మళ్లీ నెల” అన్నాడు.

ఇక్కడ ఆగి ఒక్క విషయం చూడండి. అక్క మంచం మీద కూర్చునే ఉంది. తెలివిలో ఉంది. 23 ఏళ్ల మనిషి. తెలుగు చదువుతుంది, సంతకం పెడుతుంది. కోసేది ఆమె ఛాతీ. అడిగింది మాత్రం వాళ్లమ్మ వేలిని.

అప్పుడు మేం మూడు ప్రశ్నలు అడిగాం.

మొదటిది: “అక్క తమ్ముడికి సికిల్ సెల్ ఉంది. అక్కకి టెస్ట్ చేశారా?” కేస్ షీట్‌లో ఆ ముక్కే లేదు. ఎవరూ అడగలేదు, పెద్దమ్మ చెప్పలేదు. అది గుండెకి సంబంధించిందని పెద్దమ్మకి ఎలా తెలుస్తుంది? గుండె ఆపరేషన్‌లో రక్తాన్ని యంత్రం గుండా తిప్పుతారు, ఒళ్లు చల్లబరుస్తారు. సికిల్ ఉన్నవాళ్లకి చలి, ఆక్సిజన్ తగ్గడం రెండూ చెడ్డవే. కణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో అడ్డుపడతాయి. ముందే తెలిస్తే మత్తు డాక్టర్లు దానికి తగ్గట్టు ఏర్పాటు చేసుకుంటారు. జబ్బు పూర్తిగా ఉన్నవాళ్లకి ముందుగా రక్తం మార్చాల్సి రావచ్చు. తెలియకపోతే బల్ల మీద తెలుస్తుంది.

రెండోది: “ఏ వాల్వ్ వేస్తున్నారు? ఎందుకు?” మూడోది: “ఇంటికెళ్లాక మందులేంటి, రక్తపరీక్ష ఎక్కడ చేయించుకోవాలి?”

“మీరేమైనా డాక్టర్లా?” అన్నాడాయన. కాదు. కాబట్టే అడుగుతున్నాం.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. మాలో ఒకడు ఫోన్ తీసి వీడియో మొదలెట్టాడు. దాంతో ఏ ఉపయోగం లేకపోగా సెక్యూరిటీ వచ్చి ఇద్దర్ని బయటికి పంపేశాడు. ఇంకో తప్పు, రెండేళ్ల కిందటి ఎకో రిపోర్టు ఇంట్లోనే వదిలేసి వచ్చాం. మమ్మల్ని గట్టెక్కించింది మా అరుపులు కావు, నైట్ డ్యూటీలో ఉన్న సిస్టరమ్మ. ఆమె సికిల్ మాట విని ఊరుకోలేదు. అప్పటికప్పుడు కేస్ షీట్ మీద ఎర్ర పెన్నుతో రాసి, మత్తు డాక్టర్‌కి ఫోన్ చేసింది. పొద్దున్నే కేసు ఆగింది. రక్తం పరీక్షకి వెళ్లింది. అక్క సికిల్ వాహకురాలని తేలింది. జబ్బు లేదు, కానీ జాగ్రత్తలు కావాలి. మూడు రోజుల తర్వాత, ఆ జాగ్రత్తలతోనే ఆపరేషన్ చేశారు.

ఆ మూడు రోజుల్లో పెద్ద డాక్టర్ వచ్చి అక్క మంచం పక్కన కూర్చున్నారు. ఇరవై నిమిషాలు. కాగితం మీద గుండె బొమ్మ గీశారు. బెలూన్‌తో తెరిచే పద్ధతి ఈమెకి ఎందుకు కుదరదో చెప్పారు: వాల్వ్ గట్టిపడిపోయింది, పైగా లీకవుతోంది. లోహపు వాల్వ్ చాలాకాలం మన్నుతుంది, కానీ బతికినంతకాలం రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి, ఐఎన్ఆర్ అనే పరీక్ష తరచూ చేయించుకోవాలి, గర్భం వస్తే ఆ మాత్ర బిడ్డకి హాని చేయొచ్చు. జంతు కణజాలంతో చేసిన వాల్వ్ అయితే ఆ మాత్ర జీవితాంతం అక్కర్లేకపోవచ్చు, కానీ చిన్న వయసువాళ్లలో అది తొందరగా అరిగి మళ్లీ ఆపరేషన్ పడుతుంది.

అక్క ఒక్కటే అడిగింది: “ఆ పరీక్ష మా ఊరి దగ్గర చేస్తారా సార్?” మా దగ్గర లేదు. పరీక్ష కోసం కొండ దిగి, రెండు బస్సులు మారి పట్నం రావాలి. వానాకాలం గెడ్డ పొంగితే అదీ లేదు. అక్కకి పిల్లలు కావాలి. బావతో మాట్లాడుకుని కణజాలం వాల్వే అంది. మళ్లీ ఒకరోజు ఛాతీ కోయాలని తెలిసే ఒప్పుకుంది. సంతకం తనే పెట్టింది. అందరికీ అదే సరైన జవాబని మేం అనం. ఇంకొకరు లోహపు వాల్వ్ కోరుకోవచ్చు. కానీ తొమ్మిదో రోజు రాత్రి పెద్దమ్మ వేలిముద్ర పడి ఉంటే, ఈ మాటలేవీ జరిగేవి కావు.

ఇప్పుడు చెప్పండి అన్నలూ, ఆ మూడు ప్రశ్నల్లో ఏది విసిగించడం?

‘చేర్చుకోరు’ అనే భయం గురించి. ఆ వార్డులోనే పక్క మంచం మీద ఇంకో ఏజెన్సీ నుంచి వచ్చిన తాత ఉన్నాడు. తెలుగు రాదు. తోడుగా పన్నెండేళ్ల మనవడు. నాలుగో రోజు తాత గుడ్డలు మూటకట్టుకుని వెళ్లిపోయాడు. ఫైల్లో ‘డాక్టర్ సలహాకి వ్యతిరేకంగా వెళ్లిపోయారు’ అని రాశారు. వెళ్లేముందు మనవడు మాతో చెప్పింది వేరు: “గుండె బయటికి తీసేస్తారంట, ఇక పెట్టరంట.” ఎవరో ఏదో అన్నారు, ముసలాయన అలా అర్థం చేసుకున్నాడు. ఆ తాత ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఎవర్నీ విసిగించలేదు. మీరు కోరుకునే మంచి పేషెంట్ ఆయనే. వైద్యం లేకుండా వెళ్లిపోయింది కూడా ఆయనే.

‘ఫ్రీ’ గురించి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. పేరు మారినా, ప్రభుత్వం మారినా, ఆసుపత్రికి ఆ డబ్బు వెళ్లేది ప్రజల ఖజానా నుంచే. మనం కొనే వస్తువుల మీద కట్టే పన్నుల రూపంలో అందులో మన వాటా ఉంది. సర్కారు కట్టిన బిల్లుతో ఆపరేషన్ చేయించుకున్న మనిషికి, లక్షలు కట్టిన మనిషికన్నా తక్కువ సమాధానాలు చెప్పాలని ఏ చట్టంలోనూ లేదు.

చట్టంలో ఏముందో కూడా రాస్తున్నాం, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 2008లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పేషెంట్ మత్తులో ఉండగా వాళ్లమ్మ దగ్గర ఒప్పుకోలు తీసుకుని పెద్ద ఆపరేషన్ చేసిన కేసు అది. తెలివి ఉన్న పెద్ద మనిషి తరఫున, అత్యవసరం కానప్పుడు, తల్లి ఒప్పుకోలు చెల్లదంది కోర్టు. ఏం చేస్తారు, వేరే దారులేంటి, ప్రమాదాలేంటి, వద్దంటే ఏమవుతుంది, ఇవన్నీ ముందే చెప్పాలంది. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం, అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తెచ్చిన పేషెంట్ హక్కుల పత్రంలో సమాచారం, రెండో డాక్టర్ అభిప్రాయం, రెండూ హక్కులుగానే ఉన్నాయి.

డాక్టర్లని తిట్టడానికి ఈ పోస్టు కాదు. ఆ కుర్ర డాక్టర్ కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి, మేం చూశాం. అక్కని బతికించింది ఆ చేతులే. కానీ ఆయన అలసట ఖరీదు అక్క ప్రాణంతో కట్టలేం కదా.

ఇక మన సంగతి. మనోళ్లు ఆసుపత్రికి వెళ్తే తోడు వెళ్లేది ఎవరు? చదువురాని అమ్మ, లేదా చిన్న పిల్లాడు. మనం పట్నంలోనే హాస్టల్లో ఉంటాం, ‘ఎగ్జామ్స్ ఉన్నాయి’ అంటాం. రక్తం ఇవ్వడానికి వస్తున్నాం, మంచిదే. మాట ఇవ్వడానికి కూడా రావాలి. గుండె ఆపరేషన్‌కి వెళ్లేవాళ్ల వెంట ఉండేవాళ్లు ఇవి మర్చిపోకండి:

1. పాత చీటీలు, ఎకోలు, వాడే మాత్రలు ఒకే సంచిలో పెట్టుకెళ్లండి. నాటుమందు వాడితే అదీ చెప్పండి, సిగ్గుపడొద్దు.

2. సికిల్ సెల్ గురించి వాళ్లు అడక్కపోయినా చెప్పండి. దేశమంతా 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ కార్యక్రమంలో పరీక్ష చేయించుకుని ఉంటే ఆ కార్డు పట్టుకెళ్లండి. లేకపోతే టెస్ట్ చేయమని అడగండి.

3. పుచ్చు పళ్లు ఉంటే ముందే చూపించండి. నోటిలోని క్రిములు రక్తంలో కలిసి కొత్త వాల్వ్‌కి పట్టొచ్చు.

4. ప్రశ్నలు రాసుకెళ్లి రౌండ్స్ టైంలో అడగండి. ఒక్కరే మాట్లాడండి, మర్యాదగా, జవాబు వచ్చేదాకా. ఫోన్ జేబులో ఉంచండి.

5. పేషెంట్‌కి అర్థమయ్యే భాషలో మీరే తిప్పి చెప్పండి. సంతకం పేషెంట్‌దే.

6. రక్తం పలచబరిచే మాత్ర ఇస్తే, ఆకుకూర పూర్తిగా మానడం కాదు, రోజూ ఒకే మోతాదులో తినాలి. మనం వానాకాలం పూటపూటా ఆకుకూర తిని, ఎండాకాలం ముట్టం. ఆ తేడాతో మందు పనితీరు మారుతుంది. నొప్పులకి ఊరి ఆర్ఎంపీ దగ్గర తుంటి ఇంజెక్షన్ అసలు వద్దు, లోపల రక్తం గడ్డకట్టి వాస్తుంది.

7. వాల్వ్ మార్చినా పెన్సిలిన్ ఇంజెక్షన్ ఎప్పటిదాకా కొనసాగించాలో డాక్టర్‌ని అడిగి రాయించుకోండి.

ఐటీడీఏ అధికారులని మేం అడిగేది నాలుగే. పెద్దాసుపత్రుల్లో మన భాషలు వచ్చిన మనిషిని జీతం ఇచ్చి పెట్టండి. ఏజెన్సీ నుంచి వచ్చిన ప్రతి పేషెంట్ కేస్ షీట్ మొదటి పేజీలో సికిల్ గడి పెట్టించండి. ఐఎన్ఆర్ పరీక్ష ఏరియా ఆసుపత్రిలోనే చేయించండి. ఆశ్రమ పాఠశాలలో పిల్లకి గొంతు నొప్పి, కీళ్ల వాపు అంటే ‘ఎదిగే నొప్పులు’ అనకుండా డాక్టర్‌కి చూపించండి. ఇందులో హెలికాప్టర్లు ఏమీ లేవు. వచ్చే గ్రీవెన్స్‌లో ఈ నాలుగూ రాసి ఇస్తున్నాం. పాడేరు దగ్గర్లో ఉన్నవాళ్లు రండి.

నిన్న పెద్దమ్మ ఆ కుర్ర డాక్టర్‌ని గుర్తు చేసుకుంది. “పాపం, తిన్నాడో లేదో ఆ గుంటడు” అంది. కోపం లేదు ఆమెకి. తర్వాత బొటనవేలు చూసుకుంటూ అంది: “ఆ రాత్రి మీరు లేకపోతే ఏసేద్దును.”

మన కొండల్లో ఇంకా ఎంతమంది పెద్దమ్మలున్నారో లెక్క మీకే తెలుసు. ఈసారి ఎవరో ఒకరి మంచం పక్కన మీరు ఉండండి.

జోహార్.